అత్త దీపం

నెలకోసారి పాస్టరు వచ్చే ఆదివారం, ప్రభు భోజనానికి రొట్టె కాల్చడం రామాంజినమ్మ పని. గోధుమపిండిని చల్లనీళ్లతో కలిపి, పులియనివ్వకుండా వెంటనే వత్తి, పెనం మీద నల్లమచ్చ పడకుండా కాల్చి, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి భర్త చేతికివ్వాలి. "నోట్లో వేసుకునేవు మే, అది పరిశుద్ధమైంది," అనేవాడు సంజీవప్ప గుడ్డ అందుకుంటూ. ఆయన చెప్పకపోయినా ఆమె వేసుకునేది కాదు. వేళ్లకంటిన పిండిని సైతం ఊరికే పారెయ్యకుండా కడిగి, ఆ నీళ్లను కరివేపాకు మొక్కకు పోసేది.

నాగలమడికకు దగ్గరి పల్లె అది. ఊరి చివర రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం. సంజీవప్ప దానికి సంఘపెద్ద. పాస్టరు దేవసహాయం హిందూపురం నుంచి బస్సులో వచ్చి పోతాడు. మిగతా వారాల్లో వాక్యం చెప్పేది సంజీవప్పే. తుంపిన రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చి, రామాంజినమ్మ కూర్చున్న వరుసకు ముందే ఆగి వెనక్కి తిరిగేది. బాప్తిస్మం తీసుకోనివాళ్లకు రొట్టె లేదు. వాళ్లు వెనక కూర్చోవాలి. రొట్టె రుచి తెలియక కాదు ఆమె ఆ పళ్లెం వైపు అలా చూసేది. ఎవరో ఒకరు తన ముందుకు వంగి, పళ్లెం చాచి, తీసుకోమ్మా అనడం, అది కావాలి ఆమెకు. పెళ్లయినప్పటి నుంచి తన చేతిలోని పళ్లెం ఎప్పుడూ ఇంకొకరి వైపే చాచి ఉంది. తనకు వడ్డించినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

నిజానికి ఆ ఇంట్లోకి దేవుడు వచ్చింది ఆమె వెంటే. కడుపులో బిడ్డ పోయిన ఏడాది, నీరసం తీరకుండానే శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే, పావగడ నుంచి ప్రార్థనకు వచ్చే సుంకమ్మ గట్టు మీద కూర్చుంది. పాపాలూ నరకమూ అనలేదు. "దేవుడు నీ ఎదురుగా నిలబడుకొని నీకేం కావల్లమ్మా అంటే ఏమడుగుతావు?" అంది. పుట్టినింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఆ ప్రశ్న రామాంజినమ్మను ఎవరూ అడిగి ఉండలేదు. సాయంత్రం దాకా కలుపు పీకుతూ అదే ఆలోచించింది. ఆ పై ఆదివారం మందిరానికి తానే నడిచి వెళ్లింది. సారాయి తాగి తిరుగుతున్న మొగుణ్ణి బతిమాలి, ఏడ్చి, కొన్నాళ్లకు ఆయన్నూ తీసుకెళ్లింది. ఆయన తాగుడు మానేశాడు. చెయ్యి చేసుకోవడం మానేశాడు. ఏట్లో ఇంకా నీళ్లు పారుతున్న రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడు, అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు, సంఘపెద్ద అయ్యాడు. ఇంత మేలు చేసిన దేవుణ్ణి ఇంకా ఏమైనా అడగాలంటే ఆమెకే సిగ్గనిపించేది.

అయినా ఆ నీళ్లు అడగాలని ఉండేది. మొదటిసారి బాప్తిస్మాలు జరిగినప్పుడు రెండో బిడ్డతో ఆమెకు నెలలు నిండి ఉన్నాయి. రెండోసారి, "మునిగినోళ్లకి అన్నం ఎవరు వండేది? నువ్వు యాడికీ పోవు గదా, ఇంకోసారి మునుగుదువులే," అన్నాడు సంజీవప్ప. ఇంకోసారికి ఏరు ఎండిపోయింది. పైగా అప్పటికి అత్త దీపం ఆమె చేతికొచ్చింది.

సంజీవప్ప తల్లి తిప్పమ్మ, కొడుకు మారినా తాను మారలేదు. ఆమె మంచం పక్క గూట్లో కదిరి నరసింహస్వామి పటం ఉంటుంది. సందెవేళ దాని ముందు ఆముదం దీపం వెలగాలి. కళ్లు కనబడినన్నాళ్లు తానే పెట్టుకుంది. రెండు కళ్లూ పూర్తిగా పోయాక ఒకరోజు కోడల్ని పిలిచి, కాలిన వేళ్లు చూపించి, "వత్తి యాడుండాదో తగల్లేదు పాపా," అంది. ఆ రోజు నుంచీ, అత్త తల దువ్వడం, ఆమెను చెయ్యిపట్టి దొడ్డికి తీసుకెళ్లడం లాగే, దీపమూ రామాంజినమ్మ పనుల్లో ఒకటైంది. సరిగ్గా ఆ వేళకు సంజీవప్ప మందిరానికి వెళ్లిపోయేవాడు. ఆయన తల్లి దీపం ఆయన కళ్లబడకుండా వెలిగేది. మందిరంలో మాత్రం పూర్ణ హృదయం గురించి వాక్యం చెబుతూ, "మా ఇంట్లోనే ఒక మనిషికి ఇంకా అర మనసు ఉండాది. ప్రార్థన చేయండి," అనేవాడు నవ్వుతూ. అందరూ వెనక వరుస వైపు తిరిగేవాళ్లు. ఆమె కొంగు సరిచేసుకుని తల వంచుకునేది. తనది అర మనసేనా అని తనను తానే తవ్వి చూసుకునేది. దీపం పెడుతున్నప్పుడు ఆమె మనసులో ఆ పటం ఉండదు. నూనె ఒలకకూడదనీ, అత్త దుప్పటికి నిప్పు తగలకూడదనీ ఉంటుంది. అంతే. కానీ ఈ మాట ఎవరితో చెప్పాలి?

వానలు మొహం చాటేసిన మూడో ఏడు అది. విత్తిన శనక్కాయ విత్తినచోటే మాడిపోయింది. అలాంటప్పుడు పాస్టరు, బాప్తిస్మాలు ఇంక వాయిదా వెయ్యను అన్నాడు. తాగునీటి చేతి బోరింగు తప్పిస్తే, పల్లె మొత్తానికి హనుమంతరాయప్ప తోటలోని బోరు ఒక్కటే ఇంకా నీళ్లు పోస్తోంది. ఆయన మందిరం మనిషి కాకపోయినా కాదనలేదు. "పొద్దున్నే మీరు తొట్టిలో మునగండప్పా. సందెకి తూము తీసి నా వంగమొక్కలకి పారిచ్చుకుంటా," అన్నాడు.

ఈసారి సంజీవప్ప తానే భార్య పేరు ఇచ్చాడు. సంఘపెద్ద భార్యకే బాప్తిస్మం లేదని పక్క ఊరి సంఘంవాళ్లు అంటున్నారట. "దీపం మానుకోవల్ల మే," అన్నాడు. "అత్తకి ఎవరు చెప్పేది?" అందామె. ఆయన కాసేపు గడప వైపు చూసి గొంతు తగ్గించాడు. "చెప్పడమెందుకు? అగ్గిపుల్ల గీసి ఊదేయ్. వాసన తగుల్తాది, పెట్టినావనుకుంటాది. అమ్మకి కనపడతాదా ఏమన్నా?"

ఆ సాయంత్రం ఆమె అలాగే చేసింది. పుల్ల గీసి ఊదేసింది. తిప్పమ్మ లేచి కూర్చుని, దీపం వెలగని గూటి వైపు చేతులు జోడించింది. "సామీ, వానియ్యి. నా కొడుకుని చల్లంగ చూడు. ఈ పిల్ల నీళ్లలో మునగల్లని ఎన్నేండ్లనించో తపిస్తాంది. యా దేవుని కోసమైతేనేమి, మునిగేదానికన్నా నీళ్లియ్యి సామీ."

రామాంజినమ్మ చేతిలో పుల్ల ఇంకా పొగ వదులుతోంది. తన కోసం ప్రార్థన చేసింది ఆ ఇంట్లో ఈ ముసలామె ఒక్కతే. ఆ ముసలామె చీకటికి మొక్కుతోంది, తాను నిలబడి చూస్తోంది. ఇలా మోసం చేసి నీళ్లలో దిగితే ఆ నీళ్లు ఎక్కడ తడుపుతాయి? పై బట్టనా? ఇంకో పుల్ల గీసి వత్తి వెలిగించింది. మర్నాడూ వెలిగించింది.

బాప్తిస్మాల ముందురోజు శనివారం పాస్టరు వచ్చి వాళ్లింటి వసారాలోనే మంచమ్మీద కూర్చుని, మునగబోయేవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. రామాంజినమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, పొయ్యి మీద ఉలవచారు చూసుకుని, కొంగుకు చేతులు తుడుచుకుంటూ చివరగా వచ్చి నిలబడింది. "మీ ఆయన చెప్పాడమ్మా, పాతవన్నీ విడిచిపెట్టావని. చాలా సంతోషం," అన్నాడు పాస్టరు. ఆమె నోరు విప్పేలోపలే లోపలి నుంచి తిప్పమ్మ గొంతు వినిపించింది.

"రామాంజీ, సందెయినట్టుండాది. దీపం పెట్టినావా పాపా?"

"పెట్టింది లేమ్మా," అన్నాడు సంజీవప్ప చప్పున.

"లేదత్తా," అంది రామాంజినమ్మ. "ఇంకా పెట్టలేదు. వస్తాండా."

లోపలికి వెళ్లి దీపం పెట్టి వచ్చింది. పాస్టరు మొహంలో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది అనిపించిందామెకు.

"రెండు దోవల్లో ఒకేసారి నడవలేం కదమ్మా," అన్నాడాయన మెల్లగా.

"అయ్యగారూ, ఆయమ్మకి కండ్లు లేవు. పెట్టకుండా పెట్టినానని చెప్పమంటాడు ఈయన. కండ్లు లేని మనిషికి అబద్ధం చెప్పి నీళ్లలో దిగాల్నా?"

"అబద్ధం వద్దు. దీపమూ వద్దు. ఇది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాల్సింది. తేలాక రా తల్లీ. తొందరేముంది?"

తొందరేముంది అన్న మాట ఆమె లోపల ఎక్కడో దిగబడింది. ఆ రాత్రి అందరికీ అన్నం పెట్టింది. ఉలవచారు బాగుందన్నారు.

ఆదివారం పొద్దున్నే రొట్టె కాల్చి ఇచ్చింది. మధ్యలో కరెంటు పోయి తొట్టి నిండకపోతే, మిగతా ఆడవాళ్లతో కలిసి బోరింగు నుంచి బిందెలు మోసింది. నల్లమ్మ మునిగింది. మల్లేశప్ప మునిగాడు. నిన్నమొన్న మందిరానికి వచ్చిన పడుచుపిల్ల ఒకతి మునిగింది. నీళ్లలో నుంచి లేచిన ప్రతి మొహమూ ఒక్క క్షణం అప్పుడే పుట్టినట్టు, ఎవరి పెళ్లామూ ఎవరి కోడలూ కానట్టు ఉంది. రామాంజినమ్మ ఆ మొహాలకు పొడిబట్టలు అందిస్తూ నిలబడింది. నల్లమ్మ తడిచేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ తడి ఆరకుండా ఉంచుకోవాలన్నట్టు రామాంజినమ్మ చాలాసేపు అరచెయ్యి మూసే ఉంచుకుంది. మందిరంలో పళ్లెం వచ్చి, నల్లమ్మ దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. చివర్లో సంజీవప్ప లేచి అందరికీ పేరుపేరునా వందనాలు చెప్పాడు. వంటకు కట్టెలు తెచ్చినవాడి పేరు కూడా చెప్పాడు.

అంట్లన్నీ తోమి ఇల్లు చేరేసరికి ఎండ దిగుతోంది. ఆమె గడప మీద కూర్చుంది. చేతిలో పనేమీ పెట్టుకోలేదు. పాస్టరు మందిరం దగ్గర ఆఖరి బస్సుకోసం చూస్తున్నాడు. సంజీవప్ప తెల్లచొక్కా విప్పి కొయ్యకు తగిలించి, వేరేది వేసుకుని, మళ్లీ మందిరానికి బయల్దేరబోతున్నాడు. అప్పుడు తిప్పమ్మ పిలిచింది.

"రామాంజీ, దీపం పెట్టినావా?"

"నీ కొడుకు ఈడనే ఉండాడత్తా. ఆయన్నడుగు."

సంజీవప్ప ఆగిపోయాడు. "ఏంది మే ఇది?"

"ఇన్నేండ్లు నీకు బదులు నేను పెట్టినా. నీ చేతులు తెల్లగుండాయి, నాది అర మనసైంది. ఆయమ్మ నీకు అమ్మప్పా. పెడతావో, పెట్టనని మొగమ్మీద చెప్తావో, నీ ఇష్టం. నేనైతే ఇంక పెట్టను. పెట్టినానని అబద్ధమూ చెప్పను."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన ఇంట్లోకి వెళ్లి తల్లి మంచం దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నేను పెట్టకూడదు. మా దాంట్లో ఒప్పుకోరు," అన్నాడు.

"అది నాకు తెలీదనుకున్నావా?" అంది తిప్పమ్మ. "ఆ మాట నా ఎదురుగా నిలబడుకొని చెప్పేదానికి నీకు ఇన్నేండ్లు పట్టింది గదరా. పిల్లని అడ్డం పెట్టుకుంటివి." చెయ్యి చాచింది. "నువ్వు పెట్టొద్దులే. నా చెయ్యి పట్టుకొని గూడు కాడికి తీసకపో. వత్తి యాడుండాదో వేలు తగిలియ్యి. నేనే పెట్టుకుంటా."

ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. కోడలు ఉండగా తట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. గడప మీద నుంచి రామాంజినమ్మ చూస్తోంది. సంజీవప్ప తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. రెండడుగులు నడిపించి ఆగి, వెనక్కి తిరిగాడు.

"అగ్గిపెట్టె యాడుంటాది?"

"ఉప్పు జాడీ వెనకాల," అంది రామాంజినమ్మ.

లేచింది. ఉతికి ఆరేసిన చీర ఒకటి దండెం మీద నుంచి తీసి చంకన పెట్టుకుంది. మందిరం దారి పట్టింది. ముందు నడిచింది, తర్వాత పరిగెత్తింది. ఇద్దరు పిల్లల తల్లి వీధిలో పరిగెడుతుంటే తిమ్మన్న అంగడి ముందు కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు. దారిలో తోట కంచె పక్క ఆగి, తూము తియ్యడానికి పార భుజాన వేసుకుని వస్తున్న హనుమంతరాయప్పను, "ఒక్క గడియ తాళన్నా, నీకు పుణ్యముంటాది," అని బతిమాలింది. ఆయనకు అర్థం కాలేదు గానీ పార దించాడు.

పాస్టరు సంచి భుజానికి తగిలించుకుని మందిరం బయట నిలబడి ఉన్నాడు. మలుపు దగ్గర బస్సు హారను వినిపిస్తోంది. రామాంజినమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఆయాసం తీరాక, ఆమె ఎవరి భార్యననీ, ఎవరి కోడలిననీ చెప్పలేదు.

"అయ్యగారూ, ఈ పొద్దు దీపం నేను పెట్టలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఎవరి దీపం వాళ్ల చేతికి ఇచ్చేసి వచ్చినా. మీరు తొందరేముంది అన్నారు. నాకు తొందరుండాది. తొట్టిలో నీళ్లు ఇంకా ఉండాయి."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పిలిచాడు. పాస్టరు ఆమె మొహంలోకి చూసి, సంచి కింద పెట్టాడు.