కాగితపు బల్లకట్టు

వానలకు బడికి సెలవిచ్చారు. పొద్దున్నే స్కూలు వాట్సాప్ గ్రూపులో టీచరు మెసేజి పెట్టింది. పిల్లల చేత ఇంట్లో కాగితం బొమ్మలు చేయించండి, రంగు కాగితాలు, గమ్ము, కత్తెర సిద్ధం చేసుకోండి, ఫొటో తీసి పంపండి అని. పిడుగురాళ్ల సున్నపు బట్టీల కూలీల లైనులో రంగు కాగితాలు ఎవరింట్లో ఉంటాయి? అక్కడ ఉండేది ఒకటే రంగు. రేకుల మీద తెలుపు, చెట్ల మీద తెలుపు, ఆరేసిన చీరల మీద తెలుపు, దగ్గితే పడే కళ్లెలో తెలుపు.

అయినా శాంతికి సరదా పుట్టింది. ఆమె మొగుడు ప్రభు బట్టీలో కాలిన సున్నపు గడ్డల్ని లారీలకెత్తుతాడు. ఆమె తట్ట మోస్తుంది. ఆ రోజు వానకు లోడింగు ఆగింది. ప్రభు బట్టీ మీద టార్పాలిన్ పట్టాలు కప్పడానికి పోయాడు. ఇంట్లో ఆరేళ్ల కూతురు చందన, అత్త ఆదెమ్మ. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ఆడుకునే తీరిక శాంతికి ఎన్నాళ్లకో దొరికింది.

కాగితాలకు ఎన్నికల కరపత్రాలున్నాయి. దళసరిగా, నున్నగా ఉంటాయి. ఆ ఎన్నికల వల్ల ఈ లైనుకు జరిగిన ఉపకారం అదొక్కటే. గమ్ముకు అన్నం మెతుకులు. కత్తెర లేదు, కత్తిపీట ఉంది. శాంతి ఒక పిట్టను మడిచి రెక్కలు ఆడించి చూపించింది.

"పిట్టెందుకమ్మా, ఎగరదు గిగరదు," అంది చందన. "బల్లకట్టు చెయ్యి."

ఆ పిల్ల ఒకసారి నాన్నతో లారీ క్యాబిన్‌లో కూర్చుని కృష్ణ దాటింది. లారీకి లారీ పడవల మీదెక్కి నీళ్ల మీద అవతలి ఒడ్డుకు పోవడం చూసింది. అప్పట్నించీ అదే కల.

"పెద్ద ఇంజినీరమ్మ కడుపున పుట్టావు, చేసుద్దిలే మీయమ్మ బల్లకట్టు," అని ఆదెమ్మ మూలన కూర్చుని ఎత్తిపొడిచింది.

"చేస్తా చూడత్తా. నువ్వెక్కి అవతలి ఒడ్డు దాకా పోదువు."

"ఎక్కితే మునిగేది మీ కాగితమే. నాదేం పోద్దిలే."

చేసింది. రెండు కత్తి పడవలు మడిచింది. చర్చిలో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కను అడుగున రుద్దింది, నీళ్లు పీల్చకుండా. రెండింటినీ పక్కపక్కన పెట్టి, పైన ఎవరిదో పెళ్లికార్డు అడ్డంగా పరిచి మెతుకులతో అంటించింది. అగరొత్తుల పెట్టెను కోసి మడిస్తే లారీ అయింది. చక్రాలు చందనే గుండ్రంగా గీసింది. గుండ్రం కుదరలేదు, కోడిగుడ్డుల్లా వచ్చాయి. తల్లీకూతుళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆదెమ్మ కూడా నవ్వింది, ఎవరూ చూడకుండా.

చూరు కింద సత్తు బేసిను నిండా వాన నీళ్లు. అందులో బల్లకట్టును వదిలారు. తేలింది. నిజంగా తేలింది.

"లోడు లేదమ్మా," అంది చందన. "లోడు లేకుండా ఏ లారీ అయినా బల్లకట్టు ఎక్కుద్దా?"

"ఏదో ఒకటి పెట్టుకో. ఫోను తెస్తా, ఫొటో తీసి మీ టీచరుకు పంపుదాం," అని శాంతి లోపలికి పోయింది.

ఏదో ఒకటి అంటే వేరే పిల్లలకు చింతగింజలు గుర్తొస్తాయి, గులకరాళ్లు గుర్తొస్తాయి. బట్టీ లైనులో పుట్టిన పిల్లకు లారీ లోడంటే సున్నమే. ఆ పిల్ల కళ్లు తెరిచినప్పట్నించీ చూసిన ప్రతి లారీ సున్నం లారీయే. అరుగు మీద పట్టా కింద గోనెసంచి ఉంది. ఇంటికి వెల్ల వెయ్యాలని ప్రభు తెచ్చిపెట్టిన కాలిన గడ్డలు. చందన కోడిగుడ్డంత గడ్డ తీసి లారీలో పెట్టింది.

పెళ్లికార్డు ఒరిగింది. లారీ, లోడు, రెండూ నీళ్లలోకి జారాయి. ముందు బుడగలొచ్చాయి. తర్వాత బుస్సుమంది. పొగ లేచింది.

"అమ్మా! లారీ పొగ వదుల్తంది, దా!"

శాంతికి ఆ మాట వినగానే అర్థమైంది. ఫోను విసిరేసి ఉరికింది. అప్పటికే పిల్ల బేసిను మీదికి వంగి చూస్తోంది. గడ్డ పగిలింది. మరిగే సున్నం ఎగిరి కుడికంట్లో పడింది.

ఆ కేక లైను లైనంతా విన్నది.

శాంతి తొట్టిలో చెంబు ముంచింది. నీళ్లు కంటి దాకా తెచ్చింది. ఆదెమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది.

"పొయ్యమాకే! నీళ్లు పొయ్యమాకే తల్లీ! సున్నం మీద నీళ్లా? కన్ను ఉడికిపోద్దే!"

బట్టీలో మొట్టమొదట నేర్పేది ఇదే. తడి చేత్తో ముట్టుకోవద్దు. చెమట తుడుచుకుని తట్ట ఎత్తు. పనికి ముందు చేతులకు, కాళ్లకు కొబ్బరినూనె పూసుకో. ఈ పాఠం ఏ ఆఫీసరూ వచ్చి చెప్పలేదు. చర్మం కాలి నేర్చుకున్నారు. శాంతి భుజం మీద చెమటకు సున్నం ఉడికిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆదెమ్మ ఒళ్లంతా అవే. నీళ్లు తగిలితే సున్నం నిప్పవుతుంది. అది కళ్లారా చూసిన నిజం. ఇప్పుడే, ఈ బేసినులోనే, మళ్లీ చూశారు.

శాంతి చెంబు పక్కకు విసిరేసింది.

ఆదెమ్మ కొబ్బరినూనె సీసా మొత్తం పిల్ల కంట్లో వొంపింది. పక్కింటి కోటయ్య ఆటో తీశాడు.

"ఈడ కంటి డాక్టరు లేడు. నర్సారావుపేట పోవాల్సిందే. కూర్చోండి," అన్నాడు.

దారి పొడుగునా వాన. ఆటోకు రెండు పక్కలా జల్లు కొడుతోంది. పిల్ల గింజుకుంటోంది.

"కడుగమ్మా, మండతంది, నీళ్లతో కడుగమ్మా."

"వద్దు బుజ్జీ. నీళ్లు తగిల్తే ఇంకా మండిద్ది. ఓర్చుకో నా తల్లి."

శాంతి పైట నాలుగు మడతలు వేసి పిల్ల ముఖం మీద గొడుగులా పట్టుకుంది. ఒక్క చినుకు పడకుండా. తన వీపంతా తడిసింది. చందన చేతులు బయటికి చాచి, దోసిలిలో వాన పట్టి కంటి దగ్గరికి తెచ్చుకోబోయింది. ఆదెమ్మ ఆ దోసిలి విడదీసి నీళ్లు పారబోసింది. ఇద్దరు ఆడవాళ్లు గంటసేపు వానతో పోరాడారు. గెలిచారు.

ఆస్పత్రిలో డాక్టరు చిన్న వయసు మనిషి. రెప్ప పైకెత్తి చూడగానే సెలైన్ బాటిల్ కోసం అరిచింది. కంట్లోని పలుకులు తీసి, బాటిల్ తర్వాత బాటిల్ ధారగా వదిలింది. అంతా అయ్యాక బయటికొచ్చింది.

"పడగానే ఎందుకు కడగలేదమ్మా?"

"సున్నం కదమ్మా," అంది ఆదెమ్మ, చదువుకున్నదానికి ఇంత కూడా తెలియదా అన్నట్టు. "నీళ్లు తగిల్తే మరిగిపోదా?"

"కొంచెం తగిలితే మరుగుతుంది. అందుకే పలుకులు తుడిచేసి, ఆపకుండా ధార పొయ్యాలి. అరగంట పొయ్యాలి. అప్పుడు కొట్టుకుపోతుంది. నూనె పోస్తే సున్నం లోపలే ఉండి గంటసేపు కన్నును తింది."

శాంతి అడిగింది.

"చూపొస్తదా?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. నల్లగుడ్డు ఉడికిన గుడ్డులా తెల్లబడిందనీ, గుంటూరుకు రాసిస్తాననీ, అక్కడికి పోయినా ఆ కంటి మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పింది.

గుంటూరులో కూడా అదే చెప్పారు.

ఆ చదువు బట్టీ దాకా ఎందుకు రాలేదు? సున్నం కొనే కంపెనీలకు తెలుసు. తనిఖీకొచ్చి టీ తాగి పోయే ఆఫీసర్లకు తెలుసు. తెలియనిది సున్నం మోసేవాళ్లకే. వాళ్లకు చెప్పడం ఎవరి ఉద్యోగమూ కాదు.

తిరిగొచ్చాక శాంతి మేస్త్రి అంకారావు దగ్గరికి పోయింది. బట్టీ దగ్గర నీళ్ల డ్రమ్ము పెట్టించమంది, ఎవరి కంట్లోనన్నా పడితే కడుక్కోడానికి.

"నీకేమన్నా మతి పోయిందా శాంతమ్మా? సున్నం పక్కన నీళ్లా? డ్రమ్ము ఒలికితే స్టాకంతా తగలబడిపోద్ది. అయినా నీ పిల్లకు ఇంటికాడ ఆటల్లో పడింది. బట్టీకేం సంబంధం?"

ఇంట్లో ఆదెమ్మ అంతకంటే గట్టిది. "ఆ డాక్టరమ్మ ఏనాడన్నా బట్టీ ముందు నిలబడిందా? పుస్తకాల్లో రాస్తే చాలా? నీళ్లు పోసుంటే రెండో కన్ను కూడా పొయ్యేది," అంటుంది. రోజూ అంటుంది. ఎవరూ అడక్కపోయినా అంటుంది. శాంతి ఎదురు చెప్పడం మానేసింది. ఆ ముసలిది డాక్టరు మాట ఒప్పుకుంటే, మనవరాలి కన్ను తీసిన చెయ్యి తనదని కూడా ఒప్పుకోవాలి.

కుళాయి దగ్గర మాత్రం శాంతి ఆగదు. నీళ్లకొచ్చిన ప్రతి ఆడమనిషికీ చెబుతుంది. పలుకులు తుడవండి, నీళ్లు పొయ్యండి, చానా పొయ్యండి, ఆపమాకండి. కొందరు తల ఊపి బిందె ఎత్తుకుంటారు. కొందరు పాపం అన్నట్టు చూస్తారు.

మొన్న షహనాజ్ అడిగింది. కొత్తగా లైనుకొచ్చిన పిల్ల, చంకలో బిడ్డ.

"నిజంగా నీళ్లేనా అక్కా?"

"నీళ్లే."

షహనాజ్ తన అరచేతుల వైపు చూసుకుంది. రెండు చేతులూ బొబ్బలే. పనిలో చేరిన మొదటి రోజు చెయ్యి కడుక్కోకుండా తట్ట పట్టినందుకు కాదు, కడుక్కుని పట్టినందుకు వచ్చినవి.

"సరే అక్కా," అని బిడ్డనెత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె నమ్మలేదని శాంతికి తెలుసు. నెల కిందట ఎవరన్నా వచ్చి ఇదే మాట చెబితే తనూ సరే అక్కా అనే వెళ్లిపోయేది.