చేతి బిగువు

నల్లటి ఆయిలంతా రేకు డబ్బాలోకి దిగిపోయింది. ఇక ఆ బండిని నెట్టుకుంటూ పోవలసిందే తప్ప నడిపే వీలు లేదు. సరిగ్గా అప్పుడు తెలిసింది షరీఫ్‌కు, ఆయిల్ ఫిల్టర్ కదలడం లేదని.

కట్టంగూర్‌లో హైవే పక్కన ఇరవై ఆరేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు షరీఫ్. రెండు సిలిండర్ల ఆ పెద్ద బండికి ఇంజిన్ ముందు, సైలెన్సర్ పైపుల మధ్యన, పావుకిలో పెరుగు డబ్బా అంత ఉంటుంది ఫిల్టర్. ఒకప్పుడైతే దాన్ని విప్పడం అతనికి అంగీ బొత్తాం విప్పినంత పని. ఇవాళ గుడ్డ చుట్టి పట్టుకుని తిప్పుతుంటే గుడ్డ తిరుగుతోంది, వేళ్లు జారుతున్నాయి, ఫిల్టర్ మాత్రం ఇంజిన్‌తో పాటే పోత పోసినట్టు కూర్చుంది.

"ఏం షరీఫ్ భాయ్, ఇంకెంతసేపు?" అన్నాడు బండి యజమాని రఘుపతి. ఆయనది నందికొండలో, డ్యామ్ గేట్ల దగ్గర ఉద్యోగం. రెండు రోజుల సెలవు మీద ఊరికొచ్చాడు. ఎగువన వరద పెరిగింది, రాత్రికి గేట్లు ఎత్తుతాం, సాయంత్రం ఆరింటికల్లా ఉండాలని పొద్దున ఫోనొచ్చింది. అప్పటికే ఒంటిగంట దాటింది.

"అరగంట సారు."

"పదకొండింటికి గూడ అరగంటే అన్నవ్."

బల్ల మీద కూర్చున్న లచ్చయ్య నవ్వాడు. ఆయన మోపెడ్‌కు క్లచ్ పట్టడం లేదు, తన వంతు కోసం చూస్తున్నాడు. "షరీఫు అరగంట అన్నడంటే గడియారం సూడొద్దు సారు, పొద్దు ఎటు వంగిందో సూడాలె."

షరీఫ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కుడిచేతిని గుడ్డలో తుడుస్తున్నట్టు దాచుకున్నాడు.

చలికాలంలో మొదలైంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు. ముందు తిమ్మిరి, చీమలు పాకినట్టు. తర్వాత చీమలు కూడా పోయాయి. పట్టుకున్నది గట్టిదో మెత్తదో, వేడిదో చల్లదో ఆ వేళ్లు చెప్పడం మానేశాయి. టీ గ్లాసు రెండుసార్లు జారిపడితే నూనె చేతులని నవ్వేశాడు. అన్నం కలిపేటప్పుడు మెతుకులు రాలిపోవడం భార్య అజీజా బేగం చూసింది. నల్లగొండ దవాఖానాకు పోదామని ఆనాటి నుంచీ పోరుతోంది. అతనికి డాక్టరంటే భయం లేదు. అక్కడ ఓపీ చిట్టీల వరుసలో కట్టంగూర్ మనిషి ఒక్కడు ఎదురుపడి, "ఏమైంది ఉస్తాద్, ఇక్కడున్నవ్?" అని అడిగితే చాలు. చేయి పోయిన మెకానిక్ దగ్గరికి ఇంజిన్ ఎవరు తెస్తారు? టైర్లకు గాలి పట్టించుకోవడానికి కూడా రారు.

ఇప్పుడు ఆ చేతి కథంతా ఈ ఫిల్టర్ మీద రాసి ఉంది. అది చదవగలిగినవాడు ఇంకా రాలేదు, అంతే.

గొలుసు పానా తెచ్చాడు. ఫిల్టర్ చుట్టూ గొలుసు తిప్పి పిడి పట్టుకుని, ఎడమచేత్తో బలమంతా పెట్టి గుంజాడు. గొలుసు కిర్రుమని జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. రేకు మీద తళతళలాడే గీతలు పడ్డాయి.

"ఆగాగు," అని రఘుపతి పక్కన గొంతుక్కూర్చుని ఫోన్ లైటు వేశాడు. డ్యామ్ గేట్లకు పట్టిన తుప్పు చూసీ చూసీ ఆ కంటికి ఇనుము భాష తెలుసు. "ఇప్పటి గీతలు మెరుస్తున్నయ్. ఇగో, వీటి పక్కన గుంతలు చూడు, తుప్పు పట్టినయ్. ఇవి పాతవి. ఎవడో దీనికి ముందే పానా పెట్టిండు. పానా పెట్టి బిగిచ్చిండు!"

షరీఫ్ గొలుసు పానాను కాలితో వెనక్కి నెట్టాడు.

"నువ్వు ఫిల్టర్ బిగిచ్చేటప్పుడు పానా పెట్టవ్ గద భాయ్?"

"పెట్ట సారు." ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న మాట. ఫిల్టర్ రబ్బరు రింగుకు కాస్త నూనె రాసి, చేత్తో తిప్పి, చేతి బిగువు తగిలాక ఆపేయాలి, దానికి పానా పెట్టినోడు మెకానిక్కే కాదు అని ఎంతమంది ముందు చెప్పాడో లెక్కలేదు.

"ఆయన పెట్టడు," అని లచ్చయ్య సాక్ష్యం పలికాడు. "ఆయన చేతి బిగువు ఊరందరికి ఎర్కే."

"అయితే ఇస్రాయేలే!" రఘుపతి లేచి నిలబడ్డాడు. "ఎండకాలంల చైన్ లూజైతే నువ్వు లేవని ఆని దగ్గర పెట్టిన. అప్పుడే ఇదంత కెలికిండు. ఓ ఇస్రాయేలూ! ఇటు రా జర!"

రోడ్డుకు అవతలి పక్క రేకుల షెడ్డులోంచి ఇస్రాయేలు తల ఎత్తాడు. నాలుగేళ్లు షరీఫ్ దగ్గరే పని నేర్చుకుని, ఎనిమిదేళ్ల కింద సొంతంగా దుకాణం పెట్టుకున్నవాడు. గుంటూరు వైపు పోయే లారీ దాటాక రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంది సార్, ఎవలన్న సచ్చిండ్రా? గట్ల కేకేస్తరు."

"నా ఇంజిన్ సంపినవ్. ఫిల్టర్‌కు పానా పెట్టి బిగిస్తరా ఎవలన్న?"

"నేను చైన్ ముట్టిన, ఫిల్టర్ ముట్టలే. చైన్ ఎనకనుంటది, ఫిల్టర్ ముందటుంటది. మధ్యల మూరెడు ఇంజిన్ ఉన్నది సార్."

"మరి దయ్యం బిగిచ్చిందా?"

ఇస్రాయేలు గొంతుక్కూర్చుని ఫిల్టర్‌ను గుడ్డతో తుడిచాడు. ఏ ఫిల్టర్ బిగించినా దాని మీద తెల్ల పెయింటు పెన్నుతో తేదీ వేయడం షరీఫ్ అలవాటు. ఉర్దూ అంకెల్లో వేస్తాడు. చిన్నప్పుడు మదర్సాలో నేర్చిన అంకెలవి, చేతికి అవే వస్తాయి. వాటిని ఈ ఊళ్లో చదవగలిగిన మెకానిక్ ఇంకొకడే ఉన్నాడు. నాలుగేళ్లు షరీఫ్ రాసిన ఫిల్టర్లు విప్పినవాడు.

తెల్ల అంకెలు తుప్పు గుంతల మీదుగా పోయాయి. గుంతల లోపలికి కూడా పెయింటు దిగింది. రాత పడిన తర్వాత పానా పడి ఉంటే గీత అక్కడ చెదిరిపోయేది. అంటే ముందు పానా పడింది, తర్వాత రాత పడింది. రాసినవాడే పానా పెట్టాడు. ఇంతేనా అంటే కాదు, ఆ అంకెలు షరీఫ్ రాసేవాటిలా నిటారుగా కూడా లేవు. వంకర పోయి ఉన్నాయి.

ఉగాదికి ముందు ఈ ఫిల్టర్ బిగించిన రోజు షరీఫ్‌కు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చేత్తో బిగించాడు. బిగిసిందో లేదో వేళ్లు చెప్పలేదు. హాలియా దాటాక దారిలో ఆయిల్ కారితే? ఆ భయంతో గొలుసు పానా అందుకున్నాడు. ఒక గుంజు గుంజాడు. అది సరిపోయిందో లేదో కూడా తెలియక ఇంకొకటి గుంజాడు.

ఇస్రాయేలు తల ఎత్తి ఉస్తాద్ మొహంలోకి చూశాడు. ఆ చూపు గుడ్డలో చుట్టిన చేతి మీదికి దిగింది. మళ్లీ మొహం మీదికి వచ్చింది.

ఇప్పుడు చెబుతాడు, అనుకున్నాడు షరీఫ్.

"పానా ఎవలదైతే ఏంది సార్," అన్నాడు ఇస్రాయేలు లేస్తూ. "ఇప్పుడైతే ఊడాలె గద."

"సూసినవా లచ్చయ్యా, మాట మార్చిండు!" రఘుపతి గొంతు హైవే దాకా వినిపించింది. "నా బండి ఒక్కటే కాదు, మా చుట్టాలవి నాలుగు బండ్లు నీ షెడ్డుకొస్తయ్. ఇయ్యాల్టి సంది ఒక్కటి గూడ రాదు, రాసి పెట్టుకో."

ఇస్రాయేలు మొహం నల్లబడింది. షరీఫ్ వంగి పానాలు సర్దుకున్నాడు. బల్ల మీద లచ్చయ్య బీడీ ముట్టించుకుని, ఇటొకసారి అటొకసారి చూశాడు.

రెండయింది. స్క్రూడ్రైవర్‌ను ఫిల్టర్‌లోకి అడ్డంగా దిగ్గొట్టి, దాన్నే పిడిగా పట్టుకుని తిప్పారు. రేకు తడి అట్టలా చినిగింది తప్ప తిరగలేదు. చినిగిన రేకును ఒలిచేశారు. ఇంజిన్‌కు కరుచుకుని మందపాటి ఇనుప బిళ్ల ఒక్కటే మిగిలింది. ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. బిళ్ల అంచున ఉలి ఆనించి, విప్పే వైపుకు ఏటవాలుగా కొట్టుకుంటూ రావాలి. ఉలి జారితే పక్కనే ఇంజిన్ మొహం. రబ్బరు రింగు కూర్చునే ఆ నున్నటి జాగాలో గోరంత గంటు పడినా, ఇక ఏ ఫిల్టర్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

"ఉస్తాద్, పైపుల సందుల ఒక్కనితోని కాదు," అన్నాడు ఇస్రాయేలు. "నేను ఉలి పడ్త. నువ్వు కొట్టు."

పాతరోజుల్లో అలాగే చేసేవారు. నేర్చుకునేవాడు ఉలి పట్టాలి, ఉస్తాద్ కొట్టాలి. ఉలి పట్టినవాడు సుత్తి వైపు చూడకూడదు, ఉలి మొన వైపే చూడాలి. ఇస్రాయేలు కింద పడుకుని, పైపుల మధ్యకు చేయి దూర్చి ఉలి ఆనించాడు. కళ్లు మొన మీదే పెట్టాడు. అతని పిడికిలికీ ఉలి తలకూ మధ్య రెండు వేళ్ల ఎడం కూడా లేదు.

షరీఫ్ సుత్తి అందుకున్నాడు. ఎడమవైపు నుంచి కొట్టే సందు లేదు. కుడిచేత్తోనే కొట్టాలి.

పిడి అరచేతిలో ఉందని కన్ను చెబుతోంది. వేళ్లు చెప్పడం లేదు.

సుత్తి ఎత్తాడు. చెమట కనుబొమ్మ మీంచి కంట్లోకి దిగింది. పిడి కొద్దిగా తిరిగినట్టు అనిపించింది. అనిపించిందో, నిజంగానే తిరిగిందో. దించి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ ఎత్తాడు.

"కొట్టు ఉస్తాద్."

ఇస్రాయేలుకు ఇద్దరు పిల్లలు. ఆ పిడికిలే వాళ్ల అన్నం.

"కొట్టు, ఏం గాదు. నేను పట్టిన."

షరీఫ్ సుత్తిని నేల మీద పెట్టేశాడు. పెడుతుంటే కూడా అది వేళ్లలోంచి జారి డబ్బా అంచుకు తగిలి మోగింది.

"కొట్టలేను రా. చెయ్యి తియ్యి."

"ఎందుకు?" అన్నాడు రఘుపతి.

"సుత్తె ఎక్కడ పడ్తదో నాకే తెల్వది సారు. చెయ్యి పని చేస్తలేదు. చలికాలం సంది." కుడిచేతిని అందరి ముందూ చాపాడు. నూనె మరకలు తప్ప చూడటానికి ఏమీ లేదు, మామూలు చెయ్యే. "బిగువు తెల్వక నేనే పానా పెట్టిన. ఇస్రాయేలు ముట్టలే. వానికి ఎర్కే. తేదీ సూడంగనె ఎర్కైంది వానికి."

రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది.

"మరి గంట సంది నేనీ పిల్లగాన్ని తిడ్తుంటే ఊకుంటివా భాయ్?"

"ఊకున్న."

రఘుపతి టైము చూసుకుని, పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

ఇస్రాయేలు లేచి సుత్తి తీసుకున్నాడు. "ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద? ఉలి నువ్వు పట్టు," అన్నాడు. షరీఫ్ కింద పడుకున్నాడు. జీవితంలో ఎంతోమంది చేత ఉలి పట్టించాడు గాని, తాను పట్టి ముప్పై ఏళ్లయింది. మొన మీద కళ్లు పెట్టాడు. సుత్తి తల మీదుగా లేచినప్పుడల్లా మెడ దానంతటదే ముడుచుకుపోతోంది.

ఒకటి. రెండు. కదల్లేదు. అయిదో దెబ్బకు ఉలి కాస్త జరిగింది. షరీఫ్ మొన చూశాడు. ఇంజిన్ మొహానికి వెంట్రుక వాసి దూరంలో ఆగింది. మళ్లీ ఆనించాడు. ఏడో దెబ్బకు 'టిక్' మని ఎముక విరిచినట్టు చిన్న చప్పుడు.

"కదిలింది!" అన్నాడు షరీఫ్. "మెల్లగ. ఇగ మెల్లగ."

తర్వాత బిళ్ల దానంతటదే వచ్చినట్టు వచ్చింది. ఇంజిన్ మొహం మీద గంటు లేదు. కొత్త ఫిల్టర్ రింగుకు నూనె రాసి, ఇస్రాయేలు చేత్తో తిప్పి బిగించి, ఉస్తాద్ వైపు చూశాడు.

"సరిపోయిందా?"

"నన్నడుగుతవేంది? నీ వేళ్లేమంటున్నయ్?"

"సరిపోయిందంటున్నయ్."

"అయితే తేదీ ఎయ్యి."

మూడున్నరకు బండి స్టార్టయింది. రఘుపతి కింద లైటు వేసి చూసుకున్నాడు. చుక్క కారలేదు. ఇస్రాయేలు భుజం మీద చేయి వేసి, "ఏమనుకోకు," అన్నాడు. షరీఫ్‌తో ఏమీ అనలేదు. హెల్మెట్ పెట్టుకుని నల్లగొండ వైపు పోయాడు.

లచ్చయ్య బీడీ ఆర్పి మోపెడ్ స్టాండు తీశాడు. "నాకంత తొందరేం లేదు షరీఫూ. రేపొస్త తియ్యి," అన్నాడు, మొహం చూడకుండా. కొంతదూరం రోడ్డు అంచునే నెట్టుకుంటూ పోయి, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి అవతలి షెడ్డు ముందు స్టాండు వేశాడు.

ఇస్రాయేలు తల దించుకున్నాడు. "నేను ముట్టను ఉస్తాద్."

"పిచ్చోనివా? పో. క్లచ్ వైరు మార్చమంటడు. వైరొక్కటే కాదు, లోపల ప్లేట్లు గూడ అరిగినయ్. విప్పి సూడు."

ఇస్రాయేలు రోడ్డు దాటే దాకా చూసి, షరీఫ్ బల్ల మీద కూర్చున్నాడు. ఎడమచేత్తో ఫోను తీసి అజీజాకు కలిపాడు.

"దవాఖానల చిట్టీలు పొద్దుగాల ఎన్నింటికి ఇస్తరు?" అన్నాడు.

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అజీజా బేగం గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టుగా అడిగింది.

"ఎవలకన్న తెలిసిందా?"

"అందరికి," అన్నాడు షరీఫ్.