మేనత్త చోటు

"నీ వాళ్ళకి ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోతుందే?" అన్నాడు సియొసాయా. నేను చామదుంపల చెక్కు తీస్తున్నాను. లోపలి గదిలోంచి అత్తగారు, "పల్చగా తియ్యమ్మా మెలెసెయినీ, దుంపంతా తొక్కలోనే పోతోంది" అన్నారు. పెళ్ళైనప్పటినుంచీ ఈ ఇంట్లో నా దుంపలన్నీ తొక్కలోనే పోతున్నాయి.

మా ఆయన నుకుఅలోఫాలో కాలేజీ మేష్టారు. ఏళ్ళ తరబడి రాసిన పుస్తకం వచ్చే నెల ఆక్లండ్‌లో బయటికొస్తోంది. దేని గురించంటే, మా టోంగాలో ఆడపడుచుకున్న గౌరవం గురించి. అన్నదమ్ములకంటే అక్కచెల్లెళ్ళు ఎందుకు ఎక్కువో, మేనత్త మాటంటే పిల్లలకి ఎందుకు శాసనమో అంతా రాశాడు. రాసిన ప్రతి పేజీ నాకు చదివి వినిపించాడు. అతని కంచం మీద ఈగలు తోలుతూ విన్నాను. "మన ఆడవాళ్ళు రాణులు" అని గొంతు పెంచి చదివి, ఆ చేత్తోనే ఖాళీ కప్పు నా వైపు జరిపేవాడు. నాకు నవ్వొచ్చేది. "నీకర్థం కాదులే" అనేవాడు.

అర్థం కాకేం. నేనూ రాణినే, కాకపోతే ఈ ఇంట్లో కాదు, మా తమ్ముడింట్లో. ఈ ఇంటి రాణి సియొసాయా వాళ్ళక్క. ఆవిడొస్తే నేను పొయ్యి దగ్గర్నించి లేవను. మా తమ్ముడి కూతురు కలొలైని పెళ్ళి ఇక్కడే జరిగింది. ఆ రోజు నన్ను అందరికంటే ఎత్తున కూర్చోబెట్టి, మాకు బంగారంతో సమానమైన మేలైన చాపలన్నీ నా ముందు పరిచారు. మర్నాడే ఆ చాపలు మా ఆడపడుచు ఇంటికి చేరాయి. "అక్కకిచ్చాను, నీకెందుకవి?" అన్నాడు. అప్పట్లో ఏమీ అనేదాన్ని కాదు.

ఆక్లండ్‌లో పుస్తకం వేసేవాళ్ళు, సభకి జనం రావాలి కదా, మీ వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారట. సముద్రం అవతల అతనికెవరూ లేరు. నాకున్నారు. కలొలైని అక్కడి టోంగా వాళ్ళ రేడియోలో మాట్లాడుతుంది. దాని తమ్ముడు పెనీ చర్చి హాలు చూసుకుంటాడు.

"చేస్తాను. నేనూ వస్తాను మరి" అన్నాను. ఈ దీవి దాటి ఎన్నడూ వెళ్ళి ఎరగను.

"నువ్వొస్తే అమ్మనెవరు చూస్తారు? వాళ్ళు పంపింది ఒక్క టికెట్టు" అన్నాడు, పాపం, చాలా మెత్తగానే.

మేనత్త అడిగితే అది అడగడం కాదు. పిల్లలు కాదనకూడదు. అందుకే ఇన్నేళ్ళలో ఆ పిల్లల్ని ఏమీ అడగలేదు. మొదటిసారి అడగబోయేది నా కోసం కూడా కాదని మనసు చివుక్కుమంటూనే ఉంది. అయినా ఫోన్ తీశాను.

"కలొలైనీ, ఒక పనుందే తల్లీ."

"చెప్పండత్తా. చెప్పడం వరకే మీ వంతు."

"మీ మామయ్య పుస్తకం వస్తోంది. మనవాళ్ళందరూ రావాలి."

అన్నది అంతే. మర్నాటినుంచి నాకు ఫోన్లే ఫోన్లు. ఆడవాళ్ళు ఒకచోట చేరి చెట్టు బెరడు కొట్టి ఆ హాలు పొడుగునా పరిచేంత నార బట్ట తయారుచేస్తున్నారట. బ్రిస్బేన్‌లో ఉన్న మా పిన్ని మనవరాళ్ళు సెలవులు పెట్టారట. విందుకి పందుల్ని ఎవరు తేవాలో మగపిల్లలు వాదులాడుకున్నారట. ఒకరోజు కలొలైని తన రేడియోలో మాట్లాడింది నాకు ఫోన్లో వినిపించింది. "మెలెసెయినీ అత్త పిలుస్తున్నారు. ఆవిడ తాలూకు వాళ్ళెవరూ ఇంట్లో ఉండిపోవద్దు" అంటోంది. నా పేరు. చేతిలో గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. నేను ఒక్క మాటంటే సముద్రం అవతల అంతమంది లేచారు! ఇంత బలం దగ్గర పెట్టుకునా నేను చెక్కు పల్చగా తియ్యలేదని మాట పడ్డాను? భయమేసింది. దాని వెంటే ఏడుపొచ్చేంత సంతోషమూ కలిగింది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక కలొలైని వీడియోలో హాలు చూపించింది. వేదిక మీద చాప మీద చాప పేర్చారు, నా నడుమెత్తున. సియొసాయా నా భుజం మీంచి తొంగి చూసి మురిసిపోయాడు. "అబ్బెబ్బే, నాకెందుకమ్మా అంత ఎత్తు!"

"అది మీది కాదు మామయ్యా. అత్తది. మీకు కింద, తలుపు పక్కన కుర్చీ వేశాం."

"రాసింది నేను కదే!"

"పిలిచింది అత్త కదా. వాళ్ళంతా వచ్చేది అత్త మాట మీద. అత్తకి పెనీ టికెట్టు తీసేశాడు."

"మీ అత్తకి కుదరదు. ఆవిడ బదులు నేనే పైన కూర్చుంటాను."

కలొలైని వెనక ఎవరో ముసలావిడ "ప్రభువా!" అంది. మేనత్త చోటులో ఇంకొకరు కూర్చోకూడదనీ, అది ఖాళీగా ఉంటే కార్యమే జరగదనీ ఎవరికి తెలియదు! అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనే. నేను ఈగలు తోలుతుంటే ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

ఫోన్ పెట్టేశాక, "మరి అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు.

"మీ అక్కనడగండి."

తెల్లబోయాడు. అక్కకి తమ్ముడు పని చెప్పడం ఎంత తప్పో చెప్పడానికి ఒక అధ్యాయమంతా ఖర్చుపెట్టిన మనిషి. నేను వెళ్ళకపోతే సభ లేదు. ఇద్దరం వెళ్తే అత్తగారికి తోడు లేదు. ఇంట్లో ఉండిపోవాల్సింది ఎవరో నేను విప్పి చెప్పక్కర్లేకపోయింది.

పెట్టె తెరిచి, అడుగునున్న, వేడుకలకి నడుముకి చుట్టుకునే మా అమ్మ చాప తీసి దులిపాను. తిరిగొచ్చేసరికి అతను వంటింట్లో దుంపల ముందు కూర్చుని, కత్తి ఎటు పట్టుకోవాలో చూసుకుంటున్నాడు.

"పల్చగా తియ్యండి" అన్నాను.