వాగు రాకముందు

నేను విత్తనం వేరుశెనగ ఒలుస్తున్నాను. నాటడానికి పనికొచ్చేవి చాటలోకి, పగిలినవి గిన్నెలోకి. గాలి లేదు. అక్టోబరు చివర మా లోయలో ఎండ గోడల్ని పట్టుకుని ఉంటుంది, చీకటి పడ్డా వదలదు. అక్క టిసౌకే గుమ్మం దగ్గర చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. చీలమండలు వాచి ఉన్నాయి. నెలలు నిండుతున్నాయి, తోడుండమని అమ్మ నన్ను పంపింది.

వానలు పడితే ఈ ఊరు మళ్లీ ఎండలు ముదిరేదాకా తెగిపోతుంది. ఇప్పుడు ఇసుక తప్ప ఏమీ లేని వాగు నిండిపోతుంది. బోమా పట్నానికి పోయే దారి అంతా నల్లరేగడి. అందుకే కాన్పు దగ్గరపడ్డవాళ్లు ముందే వెళ్లి బోమా ఆసుపత్రి పక్క షెడ్డులో ఉంటారు. కిందటిసారి అక్క ఆలస్యంగా బయల్దేరింది. ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడింది. బండిలోనే పుట్టిన బిడ్డ సాయంత్రం దాకా కూడా బతకలేదు.

బావ జెబ్రన్ లోపలి అడవిలో, జంతువుల్ని చూడటానికి వచ్చేవాళ్లు దిగే క్యాంపులో డ్రైవరు. ఏటా వానల ముందు క్యాంపు విప్పేసి, మంచాలు, ఫ్రిజ్‌లు లారీకెక్కించి ఈ ఊరి మీదుగా బోమాకి తెచ్చేస్తారు. అక్క ఆ లారీలోనే వెళ్లాలి. ఎప్పుడన్నది మాత్రం ఎవరూ అనకూడదు. బావ తల్లిని ఊరంతా అంబుయా అంటుంది. ఆవిడ ఈ విషయంలో గట్టి మనిషి. కాన్పుకి పోయేదాని ప్రయాణం రోజు బయటివాళ్ల చెవిన పడకూడదు, పడితే ఆ రోజు కదలకూడదు. వెళ్లొస్తానని చెప్పడం కూడా లేదు. నీళ్లకు పోయినట్టు పోవాలి.

ఆ మధ్యాహ్నం బావ సైకిలు మీద వచ్చాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము. క్యాంపులో దిగినవాళ్లు అడవికుక్క పిల్లల్ని చూడనిదే కదలమంటున్నారనీ, యజమాని సరేనన్నాడనీ, పొద్దున్నుంచి రాత్రి దాకా జీపు తోలుతూనే ఉన్నాననీ చెప్పాడు. ఉప్పు అడగడానికి వచ్చిన ఎదురింటి ఎలినా ఇంకా వాకిట్లోనే ఉంది. బావ ఆమెను చూడలేదో, చూసినా పట్టించుకునే ఓపిక లేదో.

“శనివారం లారీ వస్తుంది. టిసౌకేని ఎక్కించుకుంటాను,” అన్నాడు.

 ఎలినా ఉప్పు పొట్లం కొంగున ముడేసుకుంది.

“తమ్ముడూ, నీ నోటి ముందు మీ క్యాంపు రేడియో దండగ. నేను చెవిటిదాన్నిలే,” అని వెళ్లిపోయింది.

అంబుయా మొక్కజొన్న పిండితో న్షిమా సంకటి కలుపుతోంది. గరిటె ఆపలేదు. “శనివారం ఇక కాదు,” అంది.

బావకు కోపం కూడా రాలేదు. లారీ తన మాట మీద రాదనీ, ఆ రోజు పోతే మళ్లీ లేదనీ అన్నాడు. కిందటిసారి బిడ్డ ప్రాణం తీసింది బురద, నోరు కాదన్నాడు. కిందటిసారి కూడా సారా కొట్టు దగ్గర నువ్వే వాగావని ఆవిడ అంది. తిన్నాడు, గోడకు చేరగిలబడి కాసేపు కునికాడు, సాయంత్రం జీపు తోలాలని మళ్లీ సైకిలెక్కాడు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాటే రాలేదు. అక్క మూట విప్పి మళ్లీ కట్టేది. పసిగుడ్డలు, కొత్త బ్లేడు, ప్లాస్టిక్ బేసిను, షెడ్డులో వండుకోవడానికి పిండి, చిన్న కుండ. విప్పి చూడటానికి అందులో కొత్తగా ఏమీ లేదు.

శుక్రవారం తెల్లారేసరికి తూర్పు కొండలు కనిపించలేదు. అక్కడ ఆకాశం కమిలినట్టు నల్లగా ఉంది. మా నెత్తిన మాత్రం రోజూ ఉండే ఎండే. వాగు అలాగే వస్తుంది. ఇక్కడ చినుకు పడకుండా, కొండల మీది నీళ్లు చెట్లను దొర్లించుకుంటూ ఒక్కసారిగా వచ్చి పడతాయి. నేను ఇసుకలో చెలమ తోడి తెచ్చిన నీళ్లు దించుతుంటే అక్క ఆ నలుపు వైపే చూస్తోంది.

“అత్తా, లారీ వచ్చేసరికి వాగు వచ్చేస్తుంది. రాకపోయినా నువ్వు ఎక్కనివ్వవు,” అంది మెల్లగా. “ఒక బిడ్డను మట్టిలో పెట్టాను. రెండోసారి పెట్టే ఓపిక నాకు లేదు.”

 వాగు అవతల కంకర రోడ్డు ఉంది, చెయ్యెత్తితే బోమాకి పోయే పిండి లారీలు ఆగుతాయి. కానీ అక్కడిదాకా మధ్యాహ్నం వరకూ నడక. అక్క వాచిన కాళ్లతో నడవాలి. అంబుయా మోకాళ్లతో చర్చి దాటి ఎటూ పోయి చాలా కాలమైంది. ఆవిడ అక్క కాళ్ల వైపు చూసింది, కొండల వైపు చూసింది. పళ్లెంలో మిగిలిన న్షిమాను కోళ్లకు వేసింది.

తర్వాత లోపలికి వెళ్లి నడుముకు చిటెంగే గుడ్డ బిగించుకుంది. మూటను బేసినులో పెట్టి నెత్తికెత్తుకుంది. మెడ నిలదొక్కుకోవడానికి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఎవరి మొహమూ చూడకుండా వాకిలి దిగింది. ఎదురింట్లో చీపురు పట్టుకున్న ఎలినా ఆమెను చూసి, గోడ వైపు తిరిగి ఊడవడం మొదలుపెట్టింది.

అక్క గుమ్మం పట్టుకుని లేచింది. చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపింది. ఇంటికి మనిషి కావాలి కాబట్టి నేను ఉండిపోయాను. ఎంత దూరం నడవగలదో అడగాలనిపించి నోరు మూసుకున్నాను. ఆమె అత్త వెనకాల, కొంచెం ఎడంగా, మాటా పలుకూ లేకుండా ఇల్లు దాటి వెళ్లిపోయింది.