పోస్టర్ మీది నర్సు

ఆమెకు చూపు పక్కల నుంచి మూసుకుపోతోందని నర్సింగ్ చదువు చివరి ఏడాదిలో తెలిసింది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపిస్తుంది, పక్కనున్న స్టూలు మాత్రం మోకాలికి తగిలాకే తెలుస్తుంది. ముందు ముందు ఇంకా తగ్గుతుందని కంటి డాక్టరు దాచకుండా చెప్పాడు. చదువు మానేసి ఇంటిపట్టున ఉండమని మేనత్త పోరు పెట్టింది. ఉన్న కాస్త చూపూ ఇంటి గోడలు చూడ్డానికి ఖర్చు పెట్టనని చెప్పి, పరీక్షలు రాసి పాసైంది.

ఉద్యోగం కోసం వెళ్ళిన ఆసుపత్రిలోనూ విషయం దాచలేదు. సూపరింటెండెంటు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇలాంటి మనిషి కోసమే కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నామన్నాడు. వారం తిరక్కుండా గుమ్మంలో ఆమె నిలువెత్తు పోస్టరు వెలిసింది. తెల్ల యూనిఫాం, చేతిలో సిరంజి, మొహం నిండా నవ్వు, కింద 'మా సేవకు హద్దుల్లేవు' అని పెద్దక్షరాలు. హద్దు ఆమెకు మాత్రమే గీశారు. పోస్టరు పక్కన కుర్చీ వేసి, వచ్చేవాళ్ళకు దారి చూపించమన్నారు. చూపు తక్కువని వార్డులోకి రానివ్వని మనిషికి దారి చూపే పనేమిటని ఎవరికీ తట్టలేదు. జనం ఆమెతో ఫొటోలు దిగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు.

చివరికి సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"సార్, పోస్టర్లో నా చేత చేయిస్తున్న పని వార్డులో చేయనివ్వండి."

"నువ్వు మాకు స్ఫూర్తివమ్మా. స్ఫూర్తికి డ్యూటీ ఏమిటి? ఏదైనా జరిగితే?"

"మసక వెలుతురులో తడబడతాను, అందుకే రాత్రి డ్యూటీ వద్దు. ఎమర్జెన్సీలో పరుగులు నావల్ల కాదు. వెలుతురున్న చోట, రోగి పక్కన ఉండి చేసే పని ఇవ్వండి."

ఆయన కమిటీ వేశాడు. కమిటీ బాగా ఆలోచించి, ఇంకా పెద్ద పోస్టరు వేయాలని తీర్మానించింది.

కొత్త ఫొటోకి వెలుతురు బాగుంటుందని డయాలసిస్ వార్డుకి తీసుకెళ్ళారు. ఆ రోజు నర్సులు చాలక అక్కడి హెడ్ నర్సు ఊపిరి సలపని పనిలో ఉంది. ఫొటోగ్రాఫరు లైట్లు సర్దుతుండగా, ఎదురు కుర్చీలో రోగికి చెమటలు పట్టడం ఈమె చూసింది. బీపీ పడిపోతోందని గ్రహించి కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు ఎత్తి పెట్టి, హెడ్ నర్సుని కేకేసి, బీపీ చూసింది. నవ్వమని ఫొటోగ్రాఫరు రెండుసార్లు అడిగాడు. ఆమె తల తిప్పలేదు.

ఆ సాయంత్రమే హెడ్ నర్సు సూపరింటెండెంటు గదిలో నిలబడింది. "ఫొటో మీరుంచుకోండి, మనిషిని నాకివ్వండి" అంది. ట్రాలీలన్నీ ఒకే గోడ వారన పెట్టిస్తానంది. మందు మోతాదు ఇంకొకరు సరిచూడటం ఆ వార్డులో అందరికీ ఉన్న పద్ధతేనని చెప్పింది. ఆయన ఆమెను ఆ వార్డుకి వేస్తూ ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

ఏడాది తిరిగేసరికి చూపు ఇంకొంచెం తగ్గిందని కంటి డాక్టరు చెప్పాడు. ఆ పూట ఇంట్లో ఏడ్చింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళి, కిడ్నీ రోగులు కొలిచి తాగాల్సిన నీళ్ళను వద్దన్నా తెగ తాగొచ్చిన ఒక తాతను చెడామడా తిట్టింది. ఆయన అలిగి, నర్సు నోరు మంచిది కాదని పై అధికారులకు చెప్పాడు. మనసులో పొంగిపోతూ, తలొంచుకుని చీవాట్లు తింది. పనిచేసే నర్సుగా ఆమె మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అది.