ఖర్చులతో సహా గెలిచిన కేసు

కాచిన నీళ్లను ఆమె పల్చటి గుడ్డలోంచి బిందెలోకి వంచుతోంది. గుడ్డ మీద ఎర్రటి మడ్డి పేరుకుంటోంది. రెండేళ్ల కిందట ఆమె మొగుడు ఈ మడ్డి గురించే నీటి సరఫరా ఆఫీసులో "ఈ నీళ్లు తాగడానికి పనికిరావు" అని రాసి, కింద సంతకం పెట్టాడు. నీళ్లు పరీక్షించడమే ఆయన ఉద్యోగం. జీతం తీసుకుంటున్నందుకు ఆ పనే చేయడం ఆయన చేసిన తప్పు. మర్నాడు వెళ్లేసరికి కుర్చీ లేదు, కుర్చీ ఉండాల్సిన చోట కాగితం ఉంది. ప్రజల్ని భయపెట్టినందుకు సస్పెన్షన్ అట. ఎందుకు రాశావయ్యా, ఏం చూసి రాశావయ్యా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పరీక్షించేవాడు లేడు గనుక ఆ రోజు నుంచి కాగితాల మీద నీళ్లు తేటపడ్డాయి.

ఆయన కోర్టుకెక్కాడు. ఇంటికొచ్చే సగం జీతం ఇంటికే చాలేది కాదు. లాయరు ఫీజు ఆమె తమ్ముడిచ్చాడు. కూరగాయలు మోసే చిన్న వ్యాను ఉండేది వాడికి. దాన్ని అమ్మేసి, "గెలిస్తే ఖర్చులు కోర్టే ఇప్పిస్తుందట కదా బావా, అప్పుడు చూసుకుందాంలే" అన్నాడు. అప్పట్నుంచీ, అమ్ముకున్న ఆ వ్యానునే కూలికి తోలుతున్నాడు. ఆఫీసువాళ్ల లాయరు ఫీజుకు ఇలాంటి బాధలేం లేవు. అది ఊరంతా కట్టే నీటి పన్నులోంచి పోయింది. నీళ్లలో మడ్డి లేదని వాదించినందుకు, ఆ మడ్డి తాగేవాళ్లే డబ్బులిచ్చుకున్నారన్నమాట.

కోర్టులో ఆ లాయరు ఓ గొప్ప మాట అన్నాడు. "అడిగినా ఇతను కొత్తగా చెప్పేదేముంటుందండీ? అందుకే అడగలేదు."

జడ్జిగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, "అడిగితే కదా తెలిసేది" అన్నారు. సస్పెన్షన్ కొట్టేసి, కేసు ఖర్చులు కూడా ఆఫీసే ఇవ్వాలన్నారు.

ఇక ఇంట్లో ఆమె మొగుడికి న్యాయం తలకెక్కింది. పాలాయన ఆలస్యంగా వస్తే, "సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇస్తున్నాను" అనేవాడు. పాలాయన దండం పెట్టి రెండో ఇంటికి పోయేవాడు.

ఈ పొద్దున తమ్ముడు సంబరంగా వచ్చాడు. వ్యాను ఓనరు దాన్ని అమ్మేస్తున్నాడట, "ముందు నీకే ఇస్తాను, వారం ఆగుతాను" అన్నాడట. వాడు వంటింటి గడప మీద కూర్చుని టీ తాగుతుండగా నీటి సరఫరా ఆఫీసు సూపరింటెండెంటు దిగాడు. రెండేళ్లుగా ఎదురుపడితే రోడ్డు దాటిపోయిన మనిషి, ఇవాళ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

ఆమె గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"కాచినవేనా అమ్మా?"

"మీ లెక్కల్లో వీటిని కాచే పనిలేదు కదండీ."

గ్లాసు మెల్లగా బల్ల మీదికి చేరింది.

"చూడు నాయనా," అన్నాడాయన ఆమె మొగుడితో, "ఖర్చులివ్వడానికి మాకు డబ్బుల్లేక కాదు. ఒకడికిస్తే అందరికీ అలవాటవుతుంది. కాబట్టి అప్పీలుకెళ్లాలి. వెళ్లామా, అది తేలేదాకా నువ్వు ఇంట్లోనే. అదే, ఖర్చులు నాకొద్దని ఇక్కడో సంతకం పెట్టావనుకో, రేపే డ్యూటీ. కొత్త కుర్చీ కూడా తెప్పించాం. చక్రాలున్నది."

"చక్రాలా?" అన్నాడు ఆమె మొగుడు.

బిందె మీద మూత పెట్టి ఆమె ముందుగదిలోకి వచ్చింది. "ఆ ఖర్చులు మావాడివండీ."

"కేసు కాగితాల్లో మీవాడి పేరెక్కడా లేదే తల్లీ!" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

ఆమె మొగుడు అప్పటికే కలం మూత తీశాడు.

"ఏరు దాటనైనా లేదు, అప్పుడే తెప్ప తగలేస్తారా? వాణ్ని ఒక్క మాట అడగండి. పక్కనే ఉన్నాడుగా."

"అబ్బ, ఉండవే! అడిగితే మాత్రం వాడు వద్దంటాడా? వాడేం చెప్తాడో నాకు తెలీదూ? మనవాడే కదా."

కోర్టులో ఈ మాట అన్న మనిషికి నల్లకోటు ఉంది. ఈయన బనీనుతో ఉన్నాడు. ఆమెకు కనిపించిన తేడా అంతే.

సంతకం పడింది. సూపరింటెండెంటు సిరా ఆరేదాకా కూడా ఆగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రేపు తొందరగా వచ్చెయ్" అని మెట్లు దిగాడు.

అప్పుడు ఆమె మొగుడికి పద్ధతి గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, కుర్చీ ఒకటి వంటింటి వైపు జరిపాడు.

"ఏమోయ్ బావమరిదీ, ఇలా వచ్చి కూర్చో. విన్నావుగా, ఇలా చేశాం. నీకేమైనా అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా చెప్పు. చివరిదాకా వింటాను. నేను వాళ్లలాంటివాణ్ని కాదు."

తమ్ముడు గడప మీంచి లేచాడు. టీ గ్లాసు కడిగి బోర్లించాడు. తన కోసం జరిపిన కుర్చీని దాటుకుని వెళ్లి, గుమ్మం దగ్గర చెప్పులేసుకున్నాడు.

"ఒరేయ్..." అంది ఆమె.

వాడు తలుపు దగ్గరికి లాగి, వెళ్లిపోయాడు.