చల్లని సొరుగు

భోజనాల వేళకి నిఘంటువు ఆఫీసులో అందరూ నీళ్ళ సీసాలు తెచ్చి ‘చల్లని’ సొరుగులో పెట్టుకునేవారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఏ భాషవాళ్ళు దాన్ని ఎలా వాడతారో రాసిన కార్డులన్నీ అందులో ఉండేవి. నీళ్ళు హాయిగా చల్లబడేవి. క్యారేజీలు ‘వెచ్చని’ సొరుగులోకి వెళ్ళేవి. ఒక మాట కార్డుల్ని విడదీయకూడదన్నది అక్కడి పద్ధతి. కలిసుంటేనే అవి ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయట.

ఆఫీసుకి పెద్ద, ఒకింటి పెద్దకోడలు. ఆవిడ కింద పనిచేసేది ఆ ఇంటి చిన్నకోడలే, మంచు కురిసే చోటి పిల్ల. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. చిన్నకోడలి ఉద్యోగం ఏడాదిపాటు తాత్కాలికం. ఏడాది నిండే రోజు సాయంత్రం గంట కొట్టేలోగా పెద్దకోడలు వద్దని సంతకం పెడితే ఇంటికే, పెట్టకపోతే ఖాయం. ఆ సంతకం పెట్టే రోజు కోసమే పెద్దకోడలు కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చుంది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పేచీ మొదలైంది.

“చల్లని మనిషంటే జాలి లేని మనిషా? ఎవరు చెప్పారమ్మా నీకు?” అంది పెద్దకోడలు, తోడికోడలు రాసిన కార్డు ఆడిస్తూ.

“మా అమ్మ భాషలో అంతే అక్కా. చలికి మనుషులు పోయే చోట ఆ మాటతో ఎవరు దీవిస్తారు?”

“మేం ఎండకి మాడినవాళ్ళం. మాకు చల్లగా ఉండమంటే దీవెనే. మా మాటకి మీ ఏడుపు అంటించకు.”

“మీ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ మిమ్మల్ని చూస్తున్నాగా. మా అర్థమే సరైందనిపిస్తోంది.”

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. చిన్నకోడలు రాసిన కార్డులన్నీ ఏరి, ఇంటికెళ్ళి తగలబెడదామని తన హ్యాండ్‌బ్యాగులో కుక్కి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం సొరుగులో నీళ్ళు సరిగ్గా చల్లబడలేదు. బ్యాగు మీద మాత్రం తెల్లగా మంచు పట్టింది. అయినా ఆవిడ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం సంతకం కాగితం ముందుకు లాక్కుంది. పెన్ను వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ తీసింది, మళ్ళీ జారింది.

“కార్డులు సొరుగులో పెట్టెయ్యండి అక్కా, చెయ్యి పోతుంది,” అంది చిన్నకోడలు.

“ముందు నువ్వు పో.”

గంట కొట్టారు.

పెద్దకోడలి కుడిచేతి వేళ్ళు ఆ తర్వాత వంగలేదు. కార్డులు సొరుగులోకి తిరిగొచ్చాయి, నీళ్ళు మళ్ళీ చల్లబడుతున్నాయి. ఇప్పుడు ఆవిడ చెప్పాలి, చిన్నకోడలు రాయాలి. పని మాట తప్ప ఇద్దరి మధ్యా మరో మాట లేదు.

“చల్లని. రెండో అర్థం, జాలి లేని,” అని చెప్పింది ఒకరోజు పెద్దకోడలు.

“ఉదాహరణ?”

ఆవిడ తన చేతి వంక చూసుకుంది.

“‘మా అక్క చల్లని మనిషి.’ రాసుకో.”

చిన్నకోడలు ఒక్క అక్షరం మార్చకుండా రాసుకుంది.